టిక్కు పెట్టిన మనవి

మా హాడో పేట తెలుగు క్రైస్తవ సంఘంలో స్త్రీల కూడిక శుక్రవారం సాయంత్రం జరుగుతుంది. అక్కడ ప్రార్థన మనవులు రాసే పుస్తకం చాలా ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. నాకు భక్తి ఎక్కువై కాదు. మా దీవుల్లో తెలుగు గడగడా మాట్లాడేవాళ్ళకి కొదవ లేదు గానీ, రాయమంటే అందరూ నావైపు చూస్తారు. బడి అంతా హిందీలో గడిచిపోయింది కదా. మా నాన్న చెవి మెలేసి ఇంట్లో నేర్పబట్టి నాకు అక్షరాలు వచ్చాయి. ఆ సంగతిలో నాకు కాస్త గర్వం ఉండేది, లేదనను.

మా పద్ధతి ఇది. ఒక్కొక్కరు లేచి తమ భారం చెబుతారు. నేను రాసుకుంటాను. ఆఖర్న అన్నీ వరసగా చదివి అందరి తరఫునా ప్రార్థన చేస్తాను. ఎవరి భారమైనా తీరితే వాళ్ళు లేచి స్తోత్రం చెబుతారు, అప్పుడు ఆ మనవి పక్కన టిక్కు పెడతాను.

పోర్టు ఆఫీసులో నా ఉద్యోగం అయిపోయిన ఏడాది మా సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చాడు. వరసకి ఏమీ కాకపోయినా చిన్నప్పటినుంచీ ఆయన్ని అన్నయ్య అనే పిలుస్తాను, ఆయన భార్యని వదినా అంటాను. ఆయనకి రెండు ప్రయాణికుల బోట్లున్న చిన్న కంపెనీ ఉంది.

"మోకాళ్ళు పనిచెయ్యట్లేదమ్మా. నా వాటా షేర్లన్నీ అమ్మేద్దారనుకుంటన్నాను. బయటోడికి ఇవ్వబుద్ది కావట్లేదు. నువ్వు తీసుకో," అన్నాడు.

నాకు భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్న ఆస్తల్లా హోప్ టౌన్‌లో మా అమ్మ వదిలివెళ్ళిన కొబ్బరి తోట ఒక్కటే. అందులో రెండు గదులు వేసుకుని ఉండిపోవాలని నా కోరిక. కానీ బోట్ల కంపెనీ యజమానురాలు అనిపించుకోవడం ఇంకా బాగుంటుందనిపించింది. తోట అమ్మేశాను. ఇంగ్లీషులో ఉన్న ఒప్పందం మీద పేజీ పేజీకీ సంతకం చేశాను. కంపెనీ మీద ఏ నోటీసూ లేదు, ఏ తగాదా లేదు అని అందులో అన్నయ్య మాట ఇచ్చాడు.

నెల తిరక్కుండానే అధికారులు పెద్ద బోటు ఆపేశారు. కంపెనీ ఫైళ్ళు తిరగేస్తే నోటీసు దొరికింది. బోటు అడుగు రేకు తుప్పు పట్టింది, బాగుచేసేదాకా మనుషుల్ని ఎక్కించొద్దు అని ప్రభుత్వం తరఫున బోట్లు పరీక్ష చేసే సర్వేవాళ్ళు రాసిన కాగితం. మా సంతకాలకి ముందే వచ్చింది. ఆ రేకు మార్చే ఖర్చుకి కొత్త బోటే వస్తుందని మేస్త్రీ చెప్పాడు.

నాకు కోపం వస్తే నోరు ఆగదు. అన్నయ్య ఇంటి గుమ్మంలో నిలబడి అనాల్సినవన్నీ అన్నాను. ఆయన తాపీగా విని, "నీకు తెల్సు కదమ్మా," అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడే వకీలు దగ్గరికి వెళ్ళాను.

అక్కడినుంచి బోనులో పడ్డట్టే అయింది నా బతుకు. షేర్లు ఎవరికైనా అమ్మి బయటపడదామంటే మూడేళ్ళదాకా అమ్మకూడదని అదే ఒప్పందంలో ఉంది. డైరెక్టరుగా నా పేరుంది కాబట్టి బోట్లు కట్టే జెట్టీ బాకీలూ, జీతాల గొడవలూ నా గుమ్మానికే వచ్చేవి. ఆదివారం ఆరాధనలో ప్రభు సంస్కారపు రొట్టె పళ్ళెం పట్టుకుని వరస వెంట వచ్చేది అన్నయ్యే. ఆయన చేతిలోంచి రొట్టె తీసుకోవాలి. లేచి వెళ్ళిపోదామంటే దగ్గరలో వేరే తెలుగు సంఘం లేదు. తోట కొన్నాయన మంచివాడు, ఈ ఏడాదిలోగా డబ్బు తెస్తే తిరిగి రాసిస్తానన్నాడు. కేసు గెలిస్తే తోట. లేకపోతే అద్దె గది. అంతే నాకు మిగిలింది.

అవతలివాళ్ళ జవాబు వచ్చింది. నోటీసు సంగతి కొనకముందే నాకు తెలుసట. తెలిసి కొన్నదాని గురించి తర్వాత ఫిర్యాదు చెయ్యకూడదని ఒప్పందంలో ఒక షరతు ఉందట. నా వకీలు చదివి చెప్పి, "కైసే మాలూమ్ థా దీదీ? మీకు ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

"ఎవరూ చెప్పలేదు," అన్నాను. ఒట్టు వెయ్యమన్నా అదే మాట అనేదాన్ని.

ఆ వారం కూడికలో పుస్తకం తెరిచాక ఎందుకో పాత పేజీలు వెనక్కి తిప్పాను. వదిన పేరు కింద నా గుండ్రటి అక్షరాలు. 'పెద్ద బోటుకు సర్వే నోటీసు వచ్చింది. ఈ భారం తీరాలి.' నాలుగు శుక్రవారాలు వరసగా ఉంది. నాలుగుసార్లూ నేనే గొంతెత్తి చదివి ప్రార్థించాను. చెయ్యి రాస్తూ ఉంటే నా మనసు పొయ్యి మీది కూర దగ్గర ఉండేది. చక్కెర జబ్బులూ, పరీక్షలూ, కోడళ్ళ కాన్పులూ, వాటి మధ్య ఒక బోటు. దేవుడు విన్నాడో లేదో తెలియదు, నేను మాత్రం వినలేదు. సంతకాలైన మరుసటి శుక్రవారం వదిన లేచి స్తోత్రం చెప్పినట్టు దాని పక్కన నేను పెట్టిన టిక్కు ఉంది.

ఒప్పందం ప్రకారం మా తగాదా వినే మధ్యవర్తికి, నోటీసు సంగతి వదిన కూడికలోనే చెప్పిందని అవతలివాళ్ళు రాసిచ్చారు. పుస్తకం తెమ్మని ఆయన ఉత్తరువు ఇచ్చాడు. నా వకీలు గొంతు తగ్గించి, "ఇక్కడి చెమ్మకి, చెదలకి ఏ పుస్తకం బతుకుతుంది దీదీ? నహీ మిలా బోల్ దో, దొరకలేదని చెప్పెయ్యండి," అన్నాడు. అలాగే అందామనుకుంటూనే దాన్ని పాలిథీన్ కవర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానంటే చెప్పలేను.

విచారణ ఒక హోటలు మీటింగు గదిలో జరిగింది. మధ్యవర్తి సముద్రం అవతలి ఒడ్డునుంచి వచ్చిన రిటైరైన జడ్జి, తెలుగు రాదు. అన్నయ్యకి ఒంట్లో బాగోక వదిన వచ్చింది. ఆవిడకి పాటలన్నీ కంఠతా వచ్చు, చదవడం రాదు. పుస్తకం ఏదని అడిగితే నా చెయ్యి సంచిలోకి పోయింది. వాళ్ళ వకీలు మన కుర్రాడే, ఇక్కడే పుట్టినవాడు. పేజీలు తిప్పి, తిప్పి, నాకే తిరిగి ఇచ్చాడు.

"ఆంటీ, నాకు తెలుగు చదవడం రాదు. మీరే చదివి హిందీలో చెప్పండి."

ఆ గదిలో ఆ అక్షరాలు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బోటు బదులు మనవడి పరీక్ష అని చదివినా ఆ పూటకి పట్టుకునేవాళ్ళు లేరు. నా తోట నాకు వచ్చేస్తుంది. వదినవైపు చూశాను. శుక్రవారాల్లో కూర్చున్నట్టే చేతులు ఒళ్ళో పెట్టుకుని, తను చెప్పిందే నేను చదువుతానన్న ధీమాతో చూస్తోంది. ఆ ధీమా చూసి ఎంత కోపం వచ్చిందో. ఆ కోపంలోనే ఉన్నది ఉన్నట్టు చదివేశాను.

"పక్కన ఈ టిక్కు ఏంటి ఆంటీ?"

"మనవి తీరిందని."

"ఎలా తీరింది?"

"నేను కొనుక్కున్నాను," అన్నాను హిందీలో.

జడ్జి ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని టైపు చేయించాడు. వదిన తల దించుకుంది. నా వకీలు పెన్ను మూత పెట్టేశాడు.

తీర్పు ఇంకా రాలేదు. ఏడాది గడువు దగ్గరపడుతోంది. మొన్న శుక్రవారం వదిన లేచి, "కోర్టు భారం తీరిపోవాలని మనవి, సిస్టర్," అంది. రాశాను. ఎప్పుడూ లేనిది, తల ఎత్తి అడిగాను.

"ఎలా తీరాలో కూడా చెప్పు వదినా, రాసుకుంటాను."

ఆవిడ కూర్చోకుండా నా చేతిలో పుస్తకం వైపే చూస్తూ నిలబడింది. అందరూ చూస్తున్నారు. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉండిపోయాను.