గూట్లో ఇన్సులిన్ సీసా

దయ్యాలంటే నాకెప్పుడూ నవ్వులాటే. చదివింది కెమిస్ట్రీ, చేసిన ఉద్యోగం ఒక ల్యాబ్‌లో పెప్టైడ్లు, అంటే గొలుసుల్లాంటి చిన్న ప్రోటీన్లు, పాడవకుండా చూడటం. దేన్నైనా రెండుసార్లు కొలిస్తేగానీ నమ్మని మొండిదాన్ని.

హైటెక్ సిటీ భవనం లేస్తున్న రోజులవి. మాదాపూర్‌లో ఓ పాత ఇంట్లో నేనూ, మా చెల్లి సుధా కిరాయికుండేవాళ్లం. సుధకు చిన్నప్పటి నుంచీ షుగరు. ఇన్సులిన్ లేకపోతే రోజు గడవదు. పక్క వాటాలో ఇంటి ఓనరు లక్ష్మమ్మగారు ఒక్కరే ఉండేవారు.

ఆ ఎండాకాలం కాకినాడలో పెళ్లికి వెళ్లాం. వాడుతున్న సీసా వెంట తీసుకెళ్లి, కొత్తది ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి తాళం వేశాం. లక్ష్మమ్మగారు కూడా అదే రోజు కూతురింటికి వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా సీసా కింద పడి పగిలింది. ఇల్లు చేరేసరికి సుధ నాలుక పిడచకట్టుకుపోయింది.

ఇంట్లో కరెంటు లేదు. బండలు పేల్చే చోట స్తంభం కూలి, మేం వెళ్లిన మర్నాటి నుంచీ లేదట. ఫ్రిజ్ తలుపు తీస్తే వేడిగాలి మొహాన కొట్టింది. ఇన్సులిన్ కూడా పెప్టైడే. వేడికి దాని గొలుసు దెబ్బతింటుంది, అణువులు ముద్దకడతాయి. గడ్డకట్టించినా పాడే. పైకి తేటగానే కనిపిస్తూ లోపల సత్తువ పోయి ఉండొచ్చు.

కానీ ఫ్రిజ్‌లో సీసా లేదు. వెతగ్గా వెతగ్గా గోడ గూట్లో, ఓ మట్టి ముంతలో, తడిబట్ట చుట్టి కనిపించింది. ఆ ముంత మాది కాదు. బట్ట నీళ్లోడుతోంది, సీసా చల్లగా ఉంది. ఉన్న ఒక్క తాళంచెవీ నా బ్యాగులోనే ఉంది. కిటికీల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"ఎవరు పెట్టారో తర్వాత చూద్దాం అక్కా, ముందు ఇంజెక్షన్ ఇవ్వు," అంది సుధ.

దగ్గర్లో మందుల షాపు లేదు. తగ్గకపోతే ఆసుపత్రికి పరిగెత్తాలని ఆటోను గేటు దగ్గరే ఆపి, ఇంజెక్షన్ ఇచ్చాను. అప్పట్లో మూత్రాన్ని నీలి మందులో కాచి షుగరు చూసేవాళ్లం. మొదట ఇటుక రంగు వచ్చింది, అంటే షుగరు బాగా ఎక్కువన్నమాట. చాలాసేపటికి మళ్లీ కాస్తే, ఈసారి ఆకుపచ్చకు తిరిగింది. షుగరు దిగుతోంది. అప్పుడు ఏడ్చేశాను.

మర్నాడు లక్ష్మమ్మగారు రాగానే ముంత చూపించాను. ఆవిడ అక్కడే చతికిలబడ్డారు.

"మా ఆయనది బిడ్డా. మీరుంటున్న గీ అర్రలనే ఆయన ఉండె. ఆయనకు గూడ గీ సూదే. ఆయన పోయినంక గా ముంతను నా చేతులతోనే పలగ్గొట్టిన."

"బట్ట తడిగనే ఉండెనా?" అని అడిగారు. తడిగానే ఉందన్నాను.

"గప్పుడు నేను తల్లిగారింటికి పోయిన. తడిపేటోళ్లు లేక మందు ఖరాబైంది. గదే సూది ఏసుకుంట పాణం మీదికి తెచ్చుకుని పోయిండు." కొంగుతో మొహం కప్పుకున్నారు. "అయితే ఇగ ఆయనకు నా మీద కోపం లేనట్టేనా బిడ్డా?"

లేదమ్మా, అన్నాను. అంత గట్టిగా ఎలా చెప్పగలిగానో నాకు తెలియదు. ఆ బట్ట ఎవరు తడిపారో ఇప్పటికీ తెలియదు.