తెల్లగుడ్డ మీద మా వంశం

మా నాయన పాత కర్నూల్లో దూది ఏకేవాడు. జనం తెచ్చిన పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన పత్తిని విల్లుతో ఏకి, మళ్ళీ నింపి కుట్టివ్వడం మా ఇంటి పని. నాయనకు తోడుగా మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పని చేసేవాడు. ఆయనకు పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. విల్లు పట్టుకున్నప్పుడు అంత నెమ్మదైన మనిషి మా సందులో ఇంకొకడు లేడు. అయితే ఏడాదికో రెండేళ్ళకో ఆయనకు ఎవరివో మాటలు వినబడేవి. అప్పుడు విల్లు గోడకు తగిలించి, చెవులు మూసుకుని, మూలకు తిరిగి కూర్చునేవాడు. తిండి మానేసి, కనబడని వాళ్ళతో వాదులాడేవాడు. కొన్నాళ్ళకు తనంతట తానే లేచి, తలకు నీళ్ళు పోసుకుని, పనిలో కూర్చునేవాడు.

ఈ సంగతి సందులో అందరికీ తెలుసు. "గాలి సోకినాది" అనేవాళ్ళు. ఎదురింటి పెద్దమ్మ జొన్నరొట్టె చుట్టి తెచ్చి, ఆయన పక్కన పెట్టి పోయేది. గురువారం నాయన ఆయనను దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించేవాడు. తాయెత్తుతో తగ్గిందని నేననను. ఆ దర్గాలోనే మనుషులను గొలుసులతో కట్టి ఉంచడం కూడా చూశాను. కానీ మామ తిరిగి పనిలో కూర్చున్నాక, "ఏమప్పా, వదిలినాదా?" అని అడుగుతూ జనం పరుపులు తెచ్చేవాళ్ళు. "వదిలినాది లే" అని ఆయన నవ్వేవాడు. అంతటితో సరి.

నాకు పదహారేళ్ళప్పుడు అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మద్రాసులో సర్కారు కొలువు చేసి విశ్రాంతికి ఊరు చేరిన ఒక పెద్ద డాక్టరు అప్పట్లో బీదల ఇళ్ళకు ఊరికే వచ్చి మందిచ్చేవాడు. మా ఇంటికీ వచ్చాడు. మంచి మనిషి. గుమ్మంలో చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. అమ్మకు జ్వరం తగ్గాక కూడా రెండుసార్లు వచ్చాడు. మూలన కూర్చున్న మామను చూసి, "ఈయనకు ఎప్పటినుంచి ఇట్లా? మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని మెత్తగా అడిగాడు.

జీవితంలో ఎవరూ అంత మర్యాదగా అమ్మను ఏదీ అడగలేదు. ఆమె చెప్పుకుంది. తన నాయన చివరి రోజుల్లో ఎవరినీ గుర్తుపట్టేవాడు కాదని చెప్పింది. ఆయన వరదలో కొట్టుకుపోయాడని మెట్టినింట్లో చెప్పినా, నిజానికి తనంతట తానే తుంగభద్రలోకి నడిచిపోయాడని చెప్పింది. నాయనకు కూడా ఆరోజు వరకు ఆ మాట తెలియదు. డాక్టరు తల ఊపుతూ విన్నాడు.

ఆ చలికాలం ముగిసేలోపు ఊళ్ళో బడి హాల్లో ఆ డాక్టరు ఉపన్యాసం పెట్టారు. మ్యాజిక్ లాంతరుతో బొమ్మలు చూపిస్తారని టముకు వేయించారు. బొమ్మలంటే ఎవరు ఆగుతారు? సందు సందంతా కదిలింది. హాలు మధ్యలో తెల్లగుడ్డ కట్టి, ముందు మగవాళ్ళను, వెనక ఆడవాళ్ళను కూర్చోబెట్టారు. మాకు బొమ్మలు గుడ్డలోంచి కుడి ఎడమలు తిరగబడి కనబడ్డాయి. కిటికీలకు గోనెలు కట్టి చీకటి చేశారు.

మొదట ఎద్దులను, గొర్రెలను చూపించాడు. "ఎద్దును కొనేటప్పుడు దాని తల్లిని చూస్తాం. మనిషి సంబంధం చేసుకునేటప్పుడు వంశాన్ని చూడమా?" అన్నాడు. ముందు వైపు చప్పట్లు మోగాయి. తర్వాత గుడ్డ మీద సున్నలు వచ్చాయి. వాటిని కలుపుతూ గీతలు. కొన్ని సున్నలకు నలుపు పూసి ఉంది.

"నల్లవి పిచ్చివాళ్ళవి" అన్నాడు. "పిచ్చి గాలి వల్ల రాదు, దయ్యం వల్ల రాదు. అది రక్తంలో ఉంటుంది. తాత నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి మనవడికి దిగుతుంది. ఈ పటం ఏ పుస్తకంలోదో కాదు, ఈ ఊరిదే. పేరు చెప్పడం మర్యాద కాదు. పత్తితో బతికే ఇల్లు. తాత నదిలో పడి చచ్చాడు. కొడుకు ఈరోజుకూ గోడతో మాట్లాడుతున్నాడు. కింద ఒక సున్న ఖాళీగా ఉంది చూడండి, ఆడపిల్ల. దానికి ఏ రంగు పడుతుందో కాలమే చెప్పాలి. అటువంటి ఇంటితో వియ్యమందేవాళ్ళు ఆలోచించుకోవాలి."

ఊళ్ళో దూది ఏకే ఇళ్ళు చాలానే ఉన్నాయి. గోడతో మాట్లాడే మనిషి ఉన్నది ఒక్క ఇంట్లోనే. ఆ చీకట్లో ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే మా వైపు తిరిగాయి. అమ్మకు సున్నల సంగతి అర్థం కాలేదు గాని నది అన్న మాట అర్థమయింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. బొమ్మలు అయిపోయేవరకు విడవలేదు. ఇంటికి వచ్చాక ఒక్కమాటే అన్నది.

"నా నోటితో నేనే చెప్పుకుంటినే."

అప్పటికి ఓర్వకల్లులో నాకు సంబంధం కుదిరి ఉంది. వారం తిరక్కుండానే పెళ్ళికొడుకు తల్లి బండి కట్టుకుని వచ్చింది. అరవలేదు, తిట్టలేదు. నీళ్ళిస్తే తాగింది. తర్వాత నాయనతో చెప్పింది.

"అప్పా, మీ బామ్మర్దికి గాలి సోకిందని ముందే విన్యాం. దానికి మేం ఏమనుకోల్యా. దయ్యమైతే ఈరోజు కాకపోతే రేపు వదిలిపోతాది. రక్తమైతే యాడికి పోతాది? నువ్వే చెప్పు."

ఆమె పోతూ పోతూ నా తల నిమిరింది. నేను ఆ చెయ్యి తోసేయలేకపోయాను.

పని తగ్గింది. పరుపులు తెచ్చేవాళ్ళు, "నువ్వే ఏకు అప్పా, ఆయన చెయ్యి పెట్టనీయొద్దు. చంటిబిడ్డలు పడుకునేది" అనేవాళ్ళు. ఎదురింటి పెద్దమ్మ రొట్టె పంపేది, కానీ పిల్లల చేత గుమ్మం దగ్గరే పెట్టించేది. మామ అప్పటికి తేరుకుని బాగానే ఉన్నాడు. అన్నీ గమనించాడు. ఏకిన దూది కుప్ప ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. "నా చేతిలో ఏముండాది బావా?" అని నాయనను అడిగాడు ఒకసారి. నాయన, "ఏం లేదురా, పని చెయ్యి" అన్నాడు.

చివరికి నాయన నన్ను వెంటబెట్టుకుని డాక్టరు ఇంటికి వెళ్ళాడు. నన్నెందుకు తీసుకెళ్ళాడో అప్పుడు తెలియలేదు. నన్ను చూపించాలనే అనుకుంటాను. డాక్టరు మమ్మల్ని గుర్తుపట్టి వసారాలో బల్ల మీద కూర్చోమన్నాడు. నాయన కూర్చోలేదు.

"అయ్యా, ఈ పిల్లే ఆ ఖాళీ సున్న. బాగా చూసి చెప్పండి. దీనికి వస్తాదా?"

డాక్టరు మొహం కొంచెం మారింది. కాసేపు నా వైపు చూడలేదు. "అట్లా ఎవరూ చెప్పలేరు" అన్నాడు. "ఒకే ఇంట్లో ఒకరికి వస్తుంది, పదిమందికి రాదు. వంశంలో లేనివాళ్ళకూ వస్తుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలియదు. ఈ అమ్మాయికి రాకపోవడానికే ఎక్కువ వీలుంది."

"ఈ మాట ఆ పొద్దు హాల్లో ఎందుకు చెప్పల్యా?"

"అంత మందికి ఇవన్నీ విడమరిచి చెబితే అర్థం కాదు. వాళ్ళకు గట్టిగా ఒక్క మాట చెప్పాలి. అప్పుడే పట్టించుకుంటారు."

"పట్టించుకున్యారయ్యా" అన్నాడు నాయన. "శానా పట్టించుకున్యారు."

పేరు చెప్పలేదు కదా, ఎవరికీ తెలియదనుకున్నాను అన్నాడు డాక్టరు. నాయన తలగుడ్డ చేతిలోకి తీసుకుని, "మీరు మళ్ళీ అదే హాల్లో, అదే మందికి ఇప్పుడు నాకు చెప్పిన మాట చెప్పండి. అంతకంటే ఏమీ అడగను" అన్నాడు. సరేనన్నాడు డాక్టరు. మాట తప్పలేదు కూడా. ఎండాకాలంలో కలరా గురించి ఉపన్యాసం పెట్టినప్పుడు, చివర, వంశంలో పిచ్చి ఉన్నంత మాత్రాన అందరికీ రాదని, తొందరపడి ఎవరినీ వెలివేయకూడదని చెప్పాడు. ఆరోజు లాంతరు లేదు. వచ్చిందే కొంతమంది. వాళ్ళూ అప్పటికి తువ్వాళ్ళు దులుపుకుంటూ లేస్తున్నారు. నాయన వెనక వరుసలో నిలబడి విన్నాడు. ఇంటికి వచ్చి, "చెప్పినాడు" అని మాత్రం అన్నాడు.

ఆ వానాకాలం మామకు మళ్ళీ మాటలు వినబడ్డాయి. ఇంతకుముందు ఆ గొంతులు ఏమనేవో మాకు తెలియదు. ఈసారి తెలిసింది. అవి సున్నల గురించి మాట్లాడుతున్నాయి. ఆయన మూలన కూర్చోలేదు. పట్టపగలు డాక్టరు ఇంటి ముందుకు పోయి, "నా సున్న తుడుపు! ఆ పిల్ల సున్నకు మసి పూస్తివంటే ఊరుకోను!" అని అరిచాడు. జనం చుట్టూ మూగారు. మునుపైతే ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేసి, "రాప్పా, ఇంటికి పోదాం" అనేవాళ్ళు. ఆరోజు ఎవరూ దగ్గరికి రాలేదు. ఆయన రాయి తీసి విసిరాడు. కిటికీ అద్దం పగిలింది. లోపలున్న పనిమనిషి నుదుటికి గాటు పడింది.

పోలీసులు పట్టుకుపోయారు. డాక్టరు స్టేషనుకు పోయి శిక్ష వద్దన్నాడట. ఆయన మంచితనం అంతవరకు పనికొచ్చింది: జైలుకు బదులు మద్రాసు పిచ్చాసుపత్రికి పంపమని మెజిస్ట్రేటు రాశాడు. రైలెక్కించేటప్పుడు మామ తేరుకున్నట్టే కనిపించాడు. సంకెళ్ళ చేతులతోనే నా గడ్డం పట్టుకుని, "నీకేం కాదు లే" అన్నాడు. అమ్మ ప్లాట్‌ఫారం మీద కూలబడింది. ఆయనకు కట్టిచ్చిన సద్ది మూట జవాను తీసుకున్నాడు. అది ఆయనకు ఇచ్చాడో లేదో.

మరుసటి ఏడు పోలీసు స్టేషను నుంచి మనిషి వచ్చి, మామ విరేచనాలతో చనిపోయాడని చెప్పిపోయాడు. ఎక్కడ పూడ్చారని నాయన అడిగితే, తనకు తెలియదన్నాడు. అమ్మ ఆ తర్వాత ఏడేళ్ళు బతికింది. తమ్ముడి మాట గాని, తండ్రి మాట గాని ఎత్తలేదు. ఏ డాక్టరు ఏమి అడిగినా, ఎక్కడ నొప్పి అని అడిగినా, "ఏమీ లేదు" అనేది. చివరికి కడుపులో గడ్డ పెరిగి చనిపోయింది. దాని గురించి కూడా ఎవరికీ చెప్పలేదు.

నాకు మిగిలింది కాపలా. నన్ను నేనే కాపలా కాశాను. ఎండాకాలం నిద్ర పట్టకపోతే, మొదలైందా అనుకునేదాన్ని. వీధిలో ఎవరైనా పిలిచినట్టు వినబడితే, పలికే ముందు పక్కవాళ్ళ మొహాలు చూసేదాన్ని, వాళ్ళకూ వినబడిందో లేదోనని. కోపం వస్తే మింగేదాన్ని. ఏడుపు వస్తే పొయ్యి ముందుకు పోయి పొగ మీద నెట్టేదాన్ని. మామూలు మనిషికి ఉండే కోపం, దిగులు నాకు ఉండకూడదు. ఉంటే అది రక్తం. అట్లా నా యవ్వనమంతా గడిచిపోయింది. పిచ్చి రాలేదు గాని, అది రాకుండా ఉన్న ఒక్కరోజు కూడా నాకు హాయిగా లేదు.

నాయన పని చేయలేని వయసులో కమలాపురం నుంచి ఒకాయన వచ్చాడు. వేరుశనగ సాగు చేసేవాడు. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. తలుపు చాటున ఉన్న నాతో నేరుగానే మాట్లాడాడు.

"మీ వంశంలో పిచ్చి ఉండాదంట గదా?"

"ఉండాది" అన్నాను.

"నీకు వచ్చిందా?"

"ఇంకా రాల్యా."

"నాకూ రాల్యా" అని నవ్వాడు. "వస్తే చూసుకుందాం."

నన్ను నవ్వుతూ ఆ మాట అడిగినవాడు ఆయనొక్కడే. మాకు ఒక కూతురు పుట్టింది. నాకు కాన్పు చేసిన మంత్రసాని, "బిడ్డ చూపు బాగుండాది, భయపడొద్దు" అంది. నేనేమీ అడగకముందే అంది. మా వంశం మాట కమలాపురానికి కూడా నాకంటే ముందే చేరింది.

స్వతంత్రం వచ్చిన ఏడు, వాన లేక చేను ఎండింది. మా ఆయన ఇంట్లో మిగిలిన నిరుటి గింజల బేరం మీద మద్రాసు పోవలసి వచ్చింది. పని చూసుకుని, నేను అడక్కపోయినా, పిచ్చాసుపత్రి దాకా వెళ్ళాడట. తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"గేటు కాడ ముసలాయన్ను అడిగితి. అన్నేండ్ల కిందటి మాట ఎవరికి తెలుస్తాదప్పా అన్యాడు. ఎవరూ రానోళ్ళను యాడ పూడుస్తారో చూపించినాడు. తుమ్మచెట్లు ఉండాయి. రాయి గాని, గుర్తు గాని ఏమీ లేదు. ఆయప్ప పేరున ఫాతిహా చదివి వచ్చినా."

కూతురు అక్కడే ఉంది. ఎనిమిదేళ్ళది. ఎవరి గురించి అని అడిగింది. దాని తండ్రి నా వైపు చూశాడు. నేను దాచలేదు. వాళ్ళ జేజికి, అంటే మా అమ్మకు, ఒక తమ్ముడు ఉండేవాడని, ఆయనకు అప్పుడప్పుడు లేని గొంతులు వినబడేవని, మద్రాసుకు పంపితే అక్కడే చనిపోయాడని చెప్పాను. ఆ అక్కాతమ్ముళ్ళ నాయనకూ మనసు చెడింది, ఆయన నదిలోకి పోయాడని చెప్పాను. మా అమ్మకు రాలేదు, నాకు ఇప్పటిదాకా రాలేదు, కొందరికి ఎందుకు వస్తుందో ఎవరికీ ఇంకా తెలియదు అన్నాను. "నాకూ వస్తాదా?" అని అడుగుతుందని ఎదురుచూశాను.

"ఆయప్పకు ఆడ అన్నం ఎవురు పెడతాండ్రి మా?" అంది.

తెలియదని చెప్పాను.