తొక్కలో నవ్వు

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. రెండు నిమిషాలాయన అంటే చాలు, చెప్పులు కుట్టే మనిషి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఎవరైనా ఫోటో స్టూడియో వైపు చెయ్యి చూపిస్తారు. ముప్పై ఏళ్లపాటు వచ్చినవాళ్లందరితోనూ ఆయన అన్న మాట ఒక్కటే: "రెండు నిమిషాలు కూర్చోండి." ఆ మాట ఎవరైనా అంటారు. అని అరగంట కూర్చోబెడతారు. ఈయన మాత్రం గడియారం ముల్లు చూసుకుని మరీ రెండు నిమిషాలే కూర్చోబెట్టేవాడు. ఒక్క క్షణం ముందూ కాదు, వెనకా కాదు.

దానికి కారణం ఆయన మంచితనం కాదు, ఫిల్ము. అప్పట్లో పాస్‌పోర్టు ఫోటోలకి ఆయన దగ్గర నాలుగు కళ్ల కెమెరా ఉండేది. ఒక్కసారి నొక్కితే ఒకే కాగితం మీద ఒకే మొహం నాలుగుసార్లు పడేది. కాగితాన్ని కెమెరాలోంచి బయటికి లాగితే మందు రెండు పొరల మధ్యా పరుచుకునేది. రెండు నిమిషాలు ఆగి, మూల పట్టుకుని ఒలిస్తే ఇటు ఫోటో, అటు నల్లటి వీపుతో, జిగటజిగటగా ఇంకో పొర. ఫోటో మనిషికి, పొర చెత్తబుట్టకి. ఫోటోని ఆయన పండు అనేవాడు, పొరని తొక్క అనేవాడు. చలికాలం మందు సరిగ్గా పని చెయ్యకపోతే కాగితాన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవాడు. "ఈ ఊళ్లో సగం మొహాలు నా చంకలో పుట్టినవే" అని కోతలు కోసేవాడు. అది విన్న తర్వాత తమ ఫోటోని రెండు వేళ్లతో పట్టుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు.

స్టూడియో ఊడ్చి తుడవడానికి ఒకావిడ వచ్చేది. పనిలో చేరిన మొదటి నెలలోనే బుట్టలో పచ్చిగా ఉన్న తొక్కల్ని చేత్తో ఎత్తి సంచిలో వేసింది. ఆ మందు ఒంటికి తగిలితే కాలుస్తుందని ఆయన చెప్పలేదు. చెప్పాలని తోచలేదు, అంతే. సాయంత్రానికి ఆవిడ రెండు వేళ్ల మీద చర్మం బొబ్బలెక్కింది. ఆయన ఆవిడని దగ్గరుండి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి గోడకి అడ్డంగా దారం కట్టాడు. ఆ రోజు నుంచి తొక్కలన్నీ బట్టల క్లిప్పులతో ఆ దారానికే వేలాడేవి. ఎండాక పారేద్దామని చెప్పుల డబ్బాల్లో వేసేవాడు. పారేసింది ఎప్పుడూ లేదు. అది ముందుచూపు కాదు, శుద్ధ బద్ధకం అని ఆయన భార్య చెబుతుంది. ఆయన కాదనడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. పేర్లు గుర్తుండేవి కావు కాబట్టి తొక్క నల్లవీపు మీద తెల్ల పెన్సిల్‌తో ఏదో ఒక గుర్తు రాసుకునేవాడు. "తొందర మనిషి." "కళ్లు మూసే టీచరు." "కవలల్లో పెద్దది." నెల, సంవత్సరం డబ్బా మీద ఉండేవి.

కాలం గడిచింది. ఆ ఫిల్ము రావడం ఆగిపోయింది. స్టూడియోలో జిరాక్సు మిషను, స్కానరు, కంప్యూటరు వచ్చి కూర్చున్నాయి. డబ్బాలు మాత్రం అటక మీద నలభై ఒకటి మిగిలాయి. ఒక ఉదయం భార్య వాటిని దింపించి, "ఇవాళ పాత కాగితాలవాడు వస్తాడు, నేను మాట్లాడేశాను" అంది. ఆయన చదువుతున్న పేపరు మడిచి డబ్బాల వైపు చూశాడు.

తుడిచే ఆవిడ బాత్రూమ్ కడిగే బ్లీచింగుతో నేల తుడుస్తోంది. బకెట్ పక్కనే డబ్బా. ఎగిరిన చుక్క ఒకటి పైనున్న తొక్క మీద పడింది. ఆవిడ గుడ్డతో తుడిచేసరికి నలుపు ఊడి గుడ్డకి అంటింది. తొక్కని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది.

"అన్నా, ఇందులో ఎవరో ఉన్నారు."

నలుపు పోయిన చోట అద్దంలా ఉంది. అందులో ఒక కన్ను, సగం ముక్కు. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా. అన్నేళ్లూ తను ఒలిచి పక్కన పడేసింది నెగెటివ్ అని ఆయనకి తెలియక కాదు. నల్లవీపు అడ్డముంది కాబట్టి అది ఎందుకూ పనికిరాదని వదిలేశాడు.

ఆవిడ చాలాసేపు ఆ కన్ను వైపే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే మా ఆయన కూడా ఇందులో ఉంటాడా?"

ఆవిడ భర్త డ్రైవరు. లైసెన్సు ఫోటోకి ఇక్కడికే వచ్చాడు. వచ్చిన ఏడాదికి, కూతురికి పది నెలలప్పుడు, జ్వరంతో పోయాడు. లైసెన్సు ఎటుపోయిందో తెలీదు. ఇంట్లో ఉన్న రెండు ఫోటోలు పైకప్పు కారి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"నడక గుర్తుంది, గొంతు గుర్తుంది" అంది ఆవిడ. "ఈమధ్య మొహమే రావట్లేదన్నా. తలుచుకుంటే చొక్కా వస్తోంది, పైన ఏమీ ఉండట్లేదు. అమ్మాయి నాన్న ఎలా ఉంటాడని అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తున్నాను."

ఆయన లేచి పాత కాగితాలవాడికి ఫోను చేసి రావద్దన్నాడు. భార్య చీర కుచ్చిళ్లు ఎగదోపి డబ్బాల ముందు కింద కూర్చుంది.

సాయంత్రం తుడిచే ఆవిడ కూతురు కూడా పని దిగి వచ్చింది. పార్శిల్ ఆఫీసులో పని. ఇరవై మూడేళ్లు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పన్ను మీద పన్ను ఉంటుందని సిగ్గు. నలుగురూ కలిసి డ్రైవరు ఫోటోకి వచ్చిన ఏడాది డబ్బాలన్నీ తిరగేశారు. ఒక డబ్బా చెమ్మకి బూజు పట్టి అట్టలా గడ్డకట్టింది. లైసెన్సుకి ఎక్కిన ఫోటో తాలూకు తొక్క బహుశా అందులోనే పోయింది. పక్క డబ్బాలో అమ్మాయికి ఒకటి దొరికింది. వీపు మీద రాసి ఉంది: "డ్రైవరు. నవ్వాడు. పనికిరాదు."

"గుర్తొచ్చింది" అన్నాడు రెండు నిమిషాలాయన. "లైసెన్సుకి నవ్వకూడదయ్యా అన్నాను. అన్నకొద్దీ నవ్వాడు. ఇది చెడినవాటి డబ్బాలో పడేసి ఇంకోటి తీశాను."

"ఎందుకు నవ్వాడు మావయ్యా?"

"నా చంక సంగతి చెప్పాను."

ఉన్నది ఒక్క తొక్క. అందులో నాలుగు మొహాలు. చెడితే మళ్లీ లేవు. అందుకని ముందు తన మొహం మీదే ప్రయోగం మొదలుపెట్టాడు. కెమెరా సరిచూసుకోవడానికి తీసుకున్న సొంత ఫోటోల తొక్కలు బోలెడున్నాయి. గాజు పలక మీద బొమ్మ వైపు కిందికి పెట్టి, అంచులకి టేపు అంటించి, నల్లవీపు మీద బ్లీచింగు పోశాడు. అది టేపు కిందికి దూరి బొమ్మని కూడా తినేసింది. రెండోదీ అంతే.

"నలభై ఏళ్లుగా మొహం కడుక్కోండి అంటే వినలేదు" అంది భార్య. "ఇవాళ రెండుసార్లు కడిగారు."

తుడిచే ఆవిడ సీసా తీసి చూసి పెదవి విరిచింది. "ఇది నీళ్ల రకం అన్నా, సందు దొరికితే చాలు దూరిపోతుంది. గోడలకి వాడే చిక్కటిది ఉంటుంది. పూసినచోటే నిలబడుతుంది, కారదు. అది తెస్తాను." తెచ్చింది. దాంతోపాటు రబ్బరు తొడుగులు కూడా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "వేసుకో. అప్పుడు నా వేళ్లు, ఇప్పుడు నీ వేళ్లా?"

ఆయన తలొంచుకుని తొడుక్కున్నాడు.

ఆయన మొహమే ఉన్న మూడో తొక్కకి చిక్కటి మందు ఆవిడే బ్రష్షుతో పూసింది. అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఆపింది. నలుపు మెత్తబడి బురదలా లేచింది. తుడిస్తే కింద తేటగా రెండు నిమిషాలాయన మొహం, పాతికేళ్లు చిన్నది. ఇక ధైర్యం వచ్చి డ్రైవరు తొక్కని కత్తెరతో నాలుగు ముక్కలు చేశాడు.

మొదటి ముక్క నలుపు చక్కగా పోయింది. టేపు తీసి, ముందువైపున్న పాత జిగురు వదిలించడానికి నీళ్లలో పెట్టి బొటనవేలితో రుద్దాడు. తడికి ఉబ్బిన బొమ్మ పాలమీగడలా వేలికి చుట్టుకుని వచ్చేసింది. చేతిలో ఖాళీ ప్లాస్టిక్ ముక్క మిగిలింది. ఆయన సారీ అనబోయాడు.

"ఇంకా మూడున్నాయి" అంది ఆవిడ. "రుద్దకు. పసిపిల్లకి నీళ్లు పోసినట్టు పొయ్యి."

రెండోదానికి చెయ్యి తగలనివ్వలేదు. గ్లాసుతో నీళ్లు వంచుతూనే ఉన్నాడు. జిగురు దానంతటదే జారిపోయింది. ముక్కని పాత దారానికే, పాత క్లిప్పుతోనే వేలాడదీశాడు.

"రెండు నిమిషాలు" అన్నాడు అలవాటుగా.

"గంట పడుతుంది లెండి" అంది భార్య.

గంట పట్టింది. దాన్ని కింద లైటు వెలిగే వెలుతురు పలక మీద పెట్టి, కెమెరాతో తీసి, కంప్యూటరులో నలుపుని తెలుపు, తెలుపుని నలుపు చేశాడు. తెర మీద ఒక మనిషి. మెడ దగ్గర గుండీ పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆపుకోలేక పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. పన్ను మీద పన్ను ఉంది.

అమ్మాయి చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. "అమ్మా, నా పన్ను. అచ్చం నేను అద్దంలో చూసుకునే వైపే."

తల్లి దగ్గరికి జరిగి చూసింది. వెనక్కి జరిగి చూసింది. మొహం వాడిపోయింది. "ఈయన కాదన్నా."

"అదేంటి, నవ్వాడని రాసి ఉందిగా."

"ఈయనలాగే ఉన్నాడు. కానీ ఆ పన్ను అటు కాదు, ఇటు. ఎదురుగా కూర్చుని అన్నం పెట్టినదాన్ని నాకు తెలీదా? పాపిడి కూడా ఇటే తీసేవాడు."

రెండు నిమిషాలాయన తెర వైపు చూశాడు, పలక మీది ముక్క వైపు చూశాడు. తర్వాత తొడుగు తీసి నుదురు కొట్టుకున్నాడు. "తిరగేసి పెట్టాను. జీవితమంతా మొహాలు తీసి, చివరికి మనిషిని తిరగేసి పెట్టాను." ఒక మీట నొక్కాడు. మనిషి అటు నుంచి ఇటు తిరిగాడు.

ఆవిడ అలాగే నిలబడిపోయింది. చెంగు చివర వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుతూ. "ఇదిగో" అంది. ఎవరితో అన్నదో తెలీదు. "ఇదిగో, వచ్చాడు."

అచ్చు తీయబోతుంటే అమ్మాయి ఆయన మణికట్టు పట్టుకుంది. "మావయ్యా, నాకు ఇందాకటిది కావాలి. తిరగేసింది."

"అది తప్పమ్మా."

"అమ్మ ఆయన్ని ఎదురుగా చూసింది. నేను ఆ పన్ను చూసింది అద్దంలోనే కదా. నాకు ఆ వైపే తెలుసు."

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని, "ఇవ్వన్నా" అంది. "దాని నాన్నని దానికివ్వు, నా మొగుణ్ణి నాకివ్వు."

రెండూ అచ్చు తీశాడు. తల్లీకూతుళ్లు రెండు కాగితాలు పక్కపక్కన పట్టుకుంటే ఇద్దరు డ్రైవర్లు ఒకరి పన్ను ఒకరికి చూపించుకుని నవ్వుతున్నట్టు ఉంది. అమ్మాయికి నవ్వొచ్చింది. రెండు చేతుల్లోనూ కాగితం ఉంది కాబట్టి నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు.

"నీ వేళ్లు కాలకపోతే ఇవన్నీ ఏనాడో చెత్తలో పోయేవి చెల్లెమ్మా" అన్నాడు ఆయన. ఎన్నో ఏళ్లుగా చెప్పాలనుకున్న మాట వేరే, నోట్లోంచి వచ్చింది ఇది. ఆవిడకి అర్థమైంది.

"అయితే నా వేళ్లకి దండం పెట్టు" అంది.

ఆయన నిజంగానే పెట్టాడు. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, "చాల్లే అన్నా, ముందు ఆ నేల తుడవనీ. మధ్యలో ఆపేశాను" అంది.

మిగిలిన రెండు ముక్కల్నీ ఆయన కవర్లో పెట్టి డబ్బాలో వేశాడు. "పనికిరాదు" అన్న రాత ఆ రెంటి మీదా సగం సగం మిగిలింది. భార్య అప్పటికే ఒక్కో డబ్బా చంకన పెట్టుకుని అటక నిచ్చెన ఎక్కుతోంది.

"ఈ తొక్కలో డబ్బాలు మొయ్యలేక చస్తున్నాను" అంటోంది పైనుంచి. "చూస్తారేం, ఇంకోటి అందుకోండి."