అమ్మమ్మ వెతుక్కున్న సీటు

సినిమా హాల్లో టార్చి పట్టుకుని సీట్లు చూపించడం అమ్మమ్మ ఉద్యోగం. బాల్కనీ అంతా ఆవిడ రాజ్యమే. ముందు సీటు మీదికి కాళ్లు చాపినవాడి మొహాన ఒకసారి లైటు పడిందంటే, వాడు ఇంట్లో కూడా కాళ్లు ముడుచుకునే కూర్చునేవాడు.

అలాంటి అమ్మమ్మకి మోకాలు మొరాయించింది. మెట్టు మెట్టుకీ "అబ్బా" అంటుంటే, "సినిమాలో కన్నా నీ డైలాగులే ఎక్కువ వినిపిస్తున్నాయే" అన్నాను. మొట్టికాయ పడింది. మేనేజరు మాత్రం నవ్వలేదు. మెట్లెక్కలేకపోతే బాల్కనీ ఇంకొకరికి అప్పగిస్తానన్నాడు.

"ఆపరేషన్ చేయించేద్దామమ్మా. నువ్వేం మాట్లాడకు" అని మామయ్య ఆస్పత్రికి తీసుకెళ్లాడు. తోకలా నేనూ వెళ్లాను.

"ఆపరేషన్‌తో ఎక్కువమందికి బాగవుతుంది" అంది డాక్టరమ్మ.

"ఎక్కువమందంటే ఎంతమంది? పదిమందొచ్చినా మా మేనేజరు హాలు నిండిందంటాడు!"

డాక్టరమ్మ నవ్వి రెండు కాగితాలు తీసింది. ఒక్కోదాని మీద వరసలు వరసలుగా వంద గళ్లు, గడికో మనిషి. ఒకటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లది, రెండోది వ్యాయామం చేసినవాళ్లది. ఏడాది తర్వాత హాయిగా మెట్లెక్కేవాళ్లు ఆకుపచ్చ, ఎప్పటిలాగే ఉన్నవాళ్లు పసుపు, ముందుకన్నా ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్లు ఎరుపు.

అమ్మమ్మ సంచిలోంచి టార్చి తీసింది. పట్టపగలు! మామయ్య తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం వరస వెంట వరస లైటు వేసుకుంటూ వెళ్లి, "ఇందులో నా సీటేది?" అంది.

"అది నాకూ తెలీదు పెద్దమ్మా. నంబరు లేని టికెట్టిది. ఏ హాల్లోకి వెళ్లాలన్నదే మీ చేతిలో ఉంది."

ఆపరేషన్ హాల్లో పచ్చ ఎక్కువ, కానీ ఎరుపూ ఉంది. రెండోదాంట్లో పచ్చ తక్కువ, పసుపు ఎక్కువ, ఎరుపు ఒకటో రెండో.

"ఈ వ్యాయామం హాలు నచ్చకపోతే లేచి అందులోకి మారొచ్చా?"

"మారొచ్చు."

"అందులోంచి ఇందులోకి?"

"కోశాక పాత మోకాలు తిరిగి రాదు కదా."

"అయితే ముందు ఇందులో కూర్చుంటా. ఒరే, నువ్వేం మాట్లాడకు" అంది మామయ్యతో.

ఇక ఇంట్లో కుర్చీలో కూర్చుని కాలెత్తడం, దించడం, నన్ను తిట్టడం. లెక్కపెట్టే పని నాది మరి. పది దాటినా తొమ్మిదే అనేదాన్ని.

వానాకాలం వెళ్లేసరికి అమ్మమ్మ బాల్కనీ మెట్లన్నీ గడగడా ఎక్కేసింది. పరీక్షించడానికి వెనకాలే వచ్చిన మేనేజరు సగంలో ఆగి "అబ్బా" అన్నాడు.

అమ్మమ్మ పైనుంచి ఆయన మొహాన లైటు వేసింది. "మెల్లిగా సార్, మెట్లున్నాయి."

"అమ్మమ్మా, పచ్చ సీటు దొరికిందే!" అని అరిచాను.

లైటు నా వైపు తిరిగింది. "దొరికింది. ఏదీ, నీ టికెట్టు?"