జైనబ్ ఆపాకు నేను చదవని వార్త

ఈ ఉదయం కొత్త బియ్యం బస్తా విప్పగానే తవుడు వాసన ముక్కుకు తగిలింది. చేట చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. పిల్లలూ, మొన్న మీరు పుణె నుంచి ఫోన్ చేసి, చిప్పులు తయారుచేసే కంపెనీ షేర్లు కొనమని స్నేహితులందరూ అంటున్నారని చెప్పినప్పుడు నేను మాట మార్చేశాను కదా. మీరు చూడని ఒక మనిషి గుర్తొచ్చింది.

మీ తాత పోయాక సిద్దిపేటలో, అక్కా అన్నట్టు అందరూ ఆపా అని పిలిచే జైనబ్ బియ్యం దుకాణంలో పనికి కుదిరాను. అప్పటికి నాకు సంతకం కూడా రాదు. బస్తాల మీది అక్షరాలు చూపించి, సుద్దముక్కతో నేల మీద దిద్దించి ఆమే చదువు నేర్పింది. "గట్ల భయపడుతవేందే యాదమ్మా? అక్షరం నిన్ను కరుస్తదా?" అని నవ్వేది.

కోహెడ వైపు నుంచి ఎవరైనా రైతు వడ్లు పట్టించి బియ్యం తెస్తే, గింజ ముట్టుకోకముందే ఒకటే అడిగేది.

"ఇంటికి ఉంచుకున్నవా అన్నా?"

"లే ఆపా, అంత అమ్ముతున్న."

"అయితే మళ్ల తీస్కపో. నువ్వు తిననిది నా గిరాకీలెందుకు తినాలె?"

షుగర్‌తో ఆమె చూపు తగ్గాక రోజూ పేపరు నేనే చదివి వినిపించేదాన్ని. ఆ రోజుల్లోనే దుకాణం జాగను అమ్మేస్తానన్నాడు దాని యజమాని. కొనడానికి ఆపా దగ్గరున్నది చాలదు. సరిగ్గా అప్పుడే, ఫోన్లలో సమాచారం దాచే మెమరీ చిప్పులు చేసే ఒక కంపెనీ గురించి పేపర్లో రావడం మొదలైంది. పెద్ద విదేశీ కంపెనీతో కలిసి కొత్తరకం మెమరీ తెస్తుందట. ఒప్పందం కుదిరిందని ఎవరూ అనలేదు, కుదురుతుందని అందరూ అనుకున్నారు. ఆపా హైదరాబాదులోని తమ్ముడితో ఉన్నదంతా పెట్టి ఆ షేర్లు కొనిపించింది. ధర పెరుగుతూ పోయింది.

"ఇంకొక్క నెల ఆగుదాం యాదమ్మా. ఇగ దుకాణం మనదే," అంది. మనదే అన్న ఆ మాట పట్టుకుని ఎన్ని రోజులు మురిసిపోయానో!

ఒకనాడు ఆ కంపెనీ వార్త మళ్లీ వచ్చింది. ఒప్పందం మీద ఆశలు ఇంకా పెరిగాయని పైన రాశారు. అడుగున రెండే వరుసల్లో, కంపెనీ యజమానులు తమ షేర్లలో చాలా భాగం అమ్ముకున్నారని ఉంది. ఆపా అప్పుడు దుకాణం కొత్త బోర్డుకు ఏ రంగు వేయిద్దామని అడుగుతోంది. నేను పై ముక్క చదివి పేపరు మడిచేశాను. ఆ రెండు వరుసలు వింటే, వాళ్లు ఉంచుకోనిది మనకెందుకు అంటుందని నాకు తెలుసు. ఈ ఒక్కరోజు సంతోషంగా ఉండనీ, రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను.

ఒప్పందమేదీ లేదని కంపెనీ చెప్పగానే ధర కూలిపోయింది. తమ్ముడు ఫోన్ చేసి, యజమానులు అమ్ముకున్న సంగతి పేపర్లో చూడలేదా అని అడిగాడు. ఆపా ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"గా ముచ్చట పేపర్ల ఉండెనా?"

"ఉండె ఆపా."

పక్కనున్న బియ్యంలో వేళ్లు కదిపింది. "నిన్ను చదువుమన్న. ఏది చదువాల్నో నువ్వే చూస్కోమన్ననా?"

తిట్టినా బాగుండేది. జాగను ఇంకెవరో కొనుక్కున్నారు. మిగిలిన బస్తాలు అమ్మేసి దుకాణం మూశాం.

ఆ తర్వాత ఆపా మంచం పట్టింది. అయినా పేపరు చదవడానికి నన్నే పిలిపించుకునేది. ప్రతి వార్తా చివరి అక్షరం దాకా చదివేదాన్ని. చదివి ఆపగానే, అంతకుముందు ఎన్నడూ అడగని మాట అడిగేది.

"ఇంకేమన్న ఉందా?"

"లేదు ఆపా. గంతే."

ఆమె పోయేదాకా రెండేళ్లు, ప్రతి వార్తకూ ఇదే. నా జవాబును నమ్మిందో లేదో నాకు తెలియదు.

మీ షేర్ల సంగతి నాకు తెలియదు పిల్లలూ, కొనమనీ వద్దనీ అనను. కానీ ఇప్పటికీ ఎవరికైనా మంచి కబురు చెప్పి ఆగితే, ఆ ప్రశ్న వస్తుందేమోనని ఒక్క క్షణం బిగుసుకుపోతాను. ఉన్నదంతా చెప్పేసి కూడా, ఏదో దాచినదానిలా.