తొమ్మిది కాగితాల హంస

పట్టు అంచును నూలు చీరకు కలపడానికి మా గద్వాలవాళ్ళు పెట్టింది పేరు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. అలాంటి పని చేసే ఇంట్లో పుట్టి, తొమ్మిది కాగితాలను వరుసగా కలపలేక ఒక హంసను చిత్రవధ చేసిన ఘనత నాది. పనిలో పనిగా మా నాయిన మగ్గాన్ని దాని గుంతలోనే పూడ్చిపెట్టబోయాను కూడా. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా వీధివాళ్ళు ఎప్పుడో నవ్వేశారు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయింది. కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, వచ్చినవాళ్ళకు కనబడేలా గడపకు ఎదురుగా తగిలించాను. ఎక్సెల్ విషయంలో నన్ను మించినవాళ్ళు ఈ జిల్లాలో లేరని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ పరీక్షించకపోవడం వల్ల అది బాగా బలిసింది.

మా ఇంటి అంచుల్లో పేరున్నది తల వెనక్కి తిప్పి చూసే హంస. చీర మీద ఏ బొమ్మ రావాలన్నా ముందు గళ్ళ కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళు చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలను మగ్గానికి ఎక్కిస్తే ఏ పోగు లేవాలో అవే చూసుకుంటాయి. మా హంస అట్టలు వానకు తడిసి ఉబ్బిపోయాయి. మిగిలింది పాత గళ్ళ కాగితం ఒక్కటే. అది మడతల దగ్గర చిరిగి, రంగు వెలిసి ఉంది. అట్టలు కొట్టే బాలప్పన్న దాన్ని చూసి, "నా కండ్లకు గిది ఆనతలేదు" అని వాపసు పంపాడు.

సరిగ్గా అప్పుడే వనపర్తి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. ఆమె పెళ్ళిచీర మా ఇంటి హంస అంచుదేనట. కూతురి పెళ్ళికి కూడా అదే కావాలని కూర్చుంది.

ఆమె వెళ్ళాక నాయిన మగ్గం మీద చెయ్యి వేసి చెప్పాడు.

"నెల దినాలు చూస్త. హంస రాకుంటె ఆ టీచరమ్మకు రాదని చెప్పేస్త. మగ్గం గూడ పీకేస్త. కల్వకుర్తిల బట్టల దుకాణంల పని ఉందంటున్నరు, పోయి కూసుంట."

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం కూడా ముట్టలేదు. నాయిన దుకాణంలో కూర్చుని ఎవరో నేసిన చీరలు మడతపెట్టడం తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. ఏడవడం కంటే గొప్ప చెప్పుకోవడం నాకు అలవాటు కాబట్టి ఆ పనే చేశాను.

"నాయినా, ఆ హంసను నేను కంప్యూటర్‌ల గీస్త. ఎక్సెల్‌ల అన్నీ గళ్ళే గద!"

"నీకొస్తదా?"

"రాకేంది? ఆ సర్టిఫికెట్ ఊకెనే ఇచ్చిన్రా?"

పదకొండు రోజులు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. భూతద్దంతో ఒక్కో గడి చూడడం, ఎక్సెల్‌లో ఆ గడికి నలుపు నింపడం. నిజం చెప్పాలి కదా, హంస అద్భుతంగా వచ్చింది. ఒక్క పోగు తేడా లేదు. నేను అక్కడితో ఆగి ఉంటే ఈ పాటికి నాకు సన్మానం జరిగి ఉండేది. కానీ ప్రింటు తీయాలి కదా!

జిరాక్స్ షాపాయన, "ఒక్క పేజీల పట్టియ్యాల్నా?" అన్నాడు.

"పట్టియ్యి" అన్నాను దర్జాగా.

పట్టించాడు. నాయిన అద్దాలు తుడుచుకుని, కాగితాన్ని ఎండలోకి తీసుకెళ్ళి, ముక్కు దాకా తెచ్చుకుని చూశాడు. "హంస ఏడుందే? గిది చీమ గద!"

మళ్ళీ పరుగెత్తాను. ఈసారి గళ్ళు కంటికి ఆనేలా పెద్దవి చేయించాను. ప్రింటరు తొమ్మిది పేజీలు కక్కింది. బయటికి వచ్చిన వరుసలోనే వాటికి ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబర్లు వేశాను. కలిపి చూసుకోవచ్చు కదా అని మీరనవచ్చు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు అలాంటి చిల్లర పనులు చేయరు. షాపుకే వచ్చిన బాలప్పన్న చేతిలో ఆ కట్ట పెట్టి చెప్పాను.

"అన్నా, వరుసకు మూడు పెట్టు. మనం చదివినట్టే, ఎడమ దిక్కుకెల్లి కుడి దిక్కుకు. అయినంక కింది వరుస."

మర్నాడు పొద్దున్నే బాలప్పన్న ఫోను.

"చెల్లే, కాగితాలు అతికిన. తల పోయి తోక కాడ ఉన్నదేంది?"

"అన్నా, అది తల ఎన్కకు తిప్పిన హంస. తల ఎన్కనే ఉంటది."

"అట్లనా? మరి తోక నెత్తి మీద నిలవడ్డది."

"సంతోషంల ఉన్నది."

"కాళ్ళు ముంగటికి సాపింది."

"ఈదుతున్నదన్నా! హంస గద!"

"సదువుకున్నదానివి, నీకే ఎరుక" అని ఫోను పెట్టేశాడు. పాపం, పెద్దమనిషికి కొత్త పద్ధతులు అర్థం కావడం లేదని నేను జాలిపడ్డాను. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి.

అట్టలు వచ్చాయి. నాయిన దేవుడికి దండం పెట్టుకుని, కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలో దిగాడు. అమ్మ, నేను పక్కన నిలబడ్డాం. హంస కింది నుంచి పైకి, ఒక్కో పోగు చొప్పున వస్తుంది. కాబట్టి ముందు కాళ్ళు రావాలి.

"గిదేందే? ముందుగాల మెడ వస్తున్నది?" అన్నాడు నాయిన.

"ఆగు నాయినా, నిండినంక తెలుస్తది."

ఇంకొంత నేశాడు. ఎడమవైపు తల వచ్చింది. దానికి మెడతో సంబంధం లేదు. కుడివైపు రెండు కాళ్ళు గాలిలో వేలాడాయి. చివరికి నడినెత్తిన తోక విచ్చుకుంది. నాయిన పోగును అటూ ఇటూ తిప్పే నాడె పక్కన పెట్టి పైకి వచ్చాడు. పక్కింటి పెద్దమ్మ తొంగి చూసి, "ఇది కోడా, తేలా?" అని నిజంగానే అడిగింది.

నాయిన నవ్వలేదు, తిట్టలేదు. "మగ్గం ఇప్పుదాం" అన్నాడు నెమ్మదిగా.

పదకొండు రోజులు నేను పడ్డ కష్టం అంతా కలిసి నాయినను కల్వకుర్తి బస్సెక్కించబోతోంది. ఏం చేయాలో తోచక గోడకు ఆనుకుని ఏడ్చేశాను.

అమ్మ మాత్రం ఆ అసహ్యమైన పక్షి ముందు కూర్చుని, దాన్ని పైనుంచి కిందికి చూస్తోంది. "ముక్కలన్నీ బాగనే ఉన్నయ్. జాగలే మారినయ్. ఏడ్వకు గని, ఆ కాగితాలు తెప్పియ్యి" అంది.

బాలప్పన్న అతుకులు ఊడదీసి తొమ్మిదీ తెచ్చాడు. అమ్మ నా నంబర్లను అసలు చూడలేదు. కాగితాలు నేల మీద పరిచింది. ఒక కాగితం అంచున ఆగిన నల్లగడి ఇంకే కాగితం అంచున మొదలవుతోందో వేలు పెట్టి వెతికింది. అంచు కలిసిన చోట ఆనించింది. టీ చల్లారేలోపు నేల మీద హంస నిలబడింది. తల వెనక్కి తిప్పి తిన్నగా నా వైపే చూస్తోంది.

"ఇవి పైకెల్లి కిందికి పడ్డయే. నువ్వు అడ్డం పేర్చమన్నవ్" అంది అమ్మ.

ప్రింటరు ముందు ఒక నిలువు వరుస మొత్తం తీసి, ఆ తర్వాత పక్క వరుసకు పోతుందట. ఆ సంగతి సర్టిఫికెట్ ఉన్న నాకు తెలియలేదు. జీవితంలో కంప్యూటర్ ముట్టని అమ్మకు తెలిసింది.

"నేను ఫోన్‌ల మొత్తుకోలేదా? ఈదుతున్నదంటివి గద!" అన్నాడు బాలప్పన్న. అప్పుడు నవ్వాడు నాయిన. గోడ పట్టుకుని, అద్దాలు తీసేసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మగ్గం ఇప్పే మాట మళ్ళీ ఎత్తలేదు.

బాలప్పన్న అట్టలు కొత్తగా కొట్టి ఇచ్చాడు. పెళ్ళికి వారం ముందే చీర దిగింది. టీచరమ్మ వచ్చి అంచు ఒళ్ళో పరుచుకుని, "అదే హంస!" అని మురిసిపోయి నా తల నిమిరింది. నిమిరించుకోవడానికి నాకు సిగ్గేసింది.

ఆమె వెళ్ళగానే నాయిన లోపలి నుంచి ఒక ఇనుప పెట్టె ఈడ్చుకొచ్చి నా ముందు పెట్టాడు. లాప్‌టాప్ అందులో పెట్టి తాళం వేయమంటాడేమో అనుకున్నాను. మూత తీస్తే నిండా గళ్ళ కాగితాలు. నెమళ్ళు, మామిడి పిందెలు, రుద్రాక్షలు, నేనెప్పుడూ చూడని అంచులు.

"ఇవన్నీ మా నాయిన గీసినయ్. చెదలు వట్టకముందే కంప్యూటర్‌ల ఎక్కియ్యి. నేస్త. నాకింక శాన పని ఉన్నది" అన్నాడు.

పైనున్న నెమలి కాగితాన్ని జాగ్రత్తగా చేతిలోకి తీసుకుని, "ఒక్కటి గూడ తప్పు పోనియ్య నాయినా" అన్నాను.

"తెలుసు. గీసుడు నువ్వే గియ్యి" అన్నాడు నాయిన. "ప్రింటు మాత్రం మీ అమ్మ తీస్తది."

కాబట్టి సకల నేతగాళ్ళ సాక్షిగా, సమస్త పక్షిజాతికి క్షమాపణ చెప్పుకుంటూ, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా అమ్మ చూడకుండా ప్రింటు బటన్ నొక్కను. నొక్కుదామన్నా ఆమె నన్ను దాని దగ్గరికి రానివ్వడం లేదు.