డాప్లర్ కోసం ప్రొద్దుటూరు దారి

ఎనిమిదో నెల వచ్చినా నా కడుపు ఆరో నెల కడుపులాగే ఉంది. జమ్మలమడుగు డాక్టరమ్మ టేపుతో కొలిచి, మళ్లీ కొలిచి, "మామూలు స్కానింగ్ చాలదమ్మా. బొడ్డుతాడులో రక్తం ఎట్లా పారుతాందో చూడాల. ఆ డాప్లర్ మిషను ప్రొద్దుటూరులో ఉంది, రేపే పో" అంది.

ఎన్నికల్లో మా పార్టీ ఓడి, మగవాళ్లంతా ఊరు దాటకుండా కూర్చున్న రోజులవి. ప్రొద్దుటూరు దారిలో ఎదుటి పార్టీ ఊరుంది. స్కానింగ్ సెంటరు డాక్టరు కూడా వాళ్ల మనిషే. టీ కొట్లు, పెళ్లిళ్లు, చివరికి మంగలి షాపులు కూడా పార్టీల లెక్కన విడిపోయాయని తెలుసు గానీ, పుట్టని బిడ్డకు కూడా పార్టీ ఉంటుందని అప్పుడే తెలిసింది.

"పులివెందులలో మన డాక్టరుండాడు గదా, దావంతా మనోళ్ల ఊర్లే, ఆడ తీపిద్దాం" అన్నాడు మా బావ, నా భర్తకు అన్న. ఇంట్లో ఆయన మాటే మాట. నా భర్త తల దించుకున్నాడు. రెండు జీపుల మనుషుల్ని వెంటేసుకుని నన్ను తీసుకుపోయారు. అక్కడున్నది మామూలు మిషనే. డాప్లర్ తన దగ్గర లేదని ఆ డాక్టరు చెబుతూనే ఉన్నాడు.

"గుండె కొట్టుకుంటాంది గదా, ఇంగేం గావాల?" అని బావ లేచాడు. ఎన్నిక గెలిచినట్టు తిరిగొచ్చాం.

ఆ వారంలోనే కడుపులో కదలిక తగ్గింది. నేను ఏడవలేదు, ఇల్లెగిరిపోయేలా అరిచాను. మా అత్త కొంగు బిగించింది. "ఆడోళ్ల మీద చెయ్యెయ్యరు లేరా. నువ్వు నీ మీసం కాపాడుకో, నేను బిడ్డను కాపాడుకుంటా" అని బావ మొహం మీదే అనేసి, నన్ను ప్రొద్దుటూరు బస్సు ఎక్కించింది.

డాక్టరు మా ఊరి పేరు విని ఒకసారి తలెత్తి చూశాడు, అంతే. తెర మీద అలలు పైకి లేచి, మధ్య గీత కంటే కిందికి దిగిపోతున్నాయి. "బిడ్డ నుంచి మాయలోకి పోవాల్సిన రక్తం మధ్యలో ఎనక్కి మళ్లుతాంది. ఈ పొద్దే ఆపరేషన్ చేయాల. ఇన్నాళ్లు యాడికి పోయినారమ్మా?" అన్నాడు.

ఆడపిల్ల. దోసిట్లో పట్టేంత. వేలు పెడితే పట్టుకుంది. నా భర్తకు ఫోను చేయించాను. "వస్తే దారిలో నరుకుతారంటాండారు" అన్నాడు. అది నిజమే కావచ్చు. అయినా ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. మర్నాడు పొద్దుగూకేలోగా బిడ్డ పోయింది.

చావు పనిమీద పోయేవాణ్ని మా వైపు ఏ పార్టీ ఆపదు. కబురందగానే ఆయన ఆ దారినే, వాళ్ల ఊరి మధ్యలోంచే వచ్చాడు. కూతుర్ని మొదటిసారి ఎత్తుకుని మొహం మీది గుడ్డ తీశాడు.

"అంతా నీ పోలికే" అన్నాను.